మధ్యలో లేచి రాలేని చోటు

కాశీబుగ్గ బస్టాండు ఎదుట టీకొట్టులో మొదలైన తగువు నాలుగు టీల దాకా సాగింది. తగువు పడ్డవాళ్ళిద్దరూ 1996లో కలిసి పదో తరగతి పరీక్ష రాసినవాళ్ళు. ఒకడు అప్పటి క్లాసు లీడరు. ఇప్పుడు హైదరాబాదులో మందుల కంపెనీలో మేనేజరు, దసరాకి ఊరొచ్చాడు. రెండోవాడిది ఆఖరి బెంచీ. పలాసలోనే చిన్న జీడిపప్పు బట్టీ నడుపుతున్నాడు. బడి వదిలి ఇన్నేళ్ళయినా బ్యాచ్‌లో వీళ్ళని పేరు పెట్టి పిలిచేవాళ్ళు లేరు. లీడరు లీడరే, లాస్ట్ బెంచి లాస్ట్ బెంచే. ఇక్కడా అవే పేర్లు చాలు.

విషయం ముప్పై ఏళ్ళ పండగ. ఇరవై ఐదేళ్ళది ఇదివరకే అయింది, కోవిడ్ వల్ల ఏడాది ఆలస్యంగా. ఫంక్షన్ హాలు, ‘ఆత్మీయ సమ్మేళనం’ అని ఫ్లెక్సీ, మేష్టార్లకి శాలువాలు, పోయినవాళ్ళకి రెండు నిమిషాల మౌనం, బిర్యానీ, గ్రూప్ ఫోటో. మర్నాడు జిల్లా ఎడిషన్‌లో చిన్న వార్త. తెలుగు ఊళ్ళలో పూర్వ విద్యార్థుల కలయికలు చాలామటుకు ఇదే పద్ధతిలో జరుగుతాయి.

“ఆ రోజు నేను ఎవరితోనైనా పది నిమిషాలు కూచుని మాట్లాడానా, చెప్పు!” అన్నాడు లీడరు. “మైకు దొరికినవాడు మైకు వదల్లేదు. నువ్వు వంటలవాళ్ళ దగ్గరే ఉండిపోయావు. ఆడపిల్లలు రైలు టైమైందని నాలుగింటికే లేచారు. ఈసారి హాలూ వద్దు, శాలువాలూ వద్దు. అండమాన్ వెళ్దాం. ఆరు రోజులు. పోర్ట్‌బ్లెయిర్, హేవ్‌లాక్, నీల్.”

ప్రభుత్వ కాగితాల్లో ఈ మూడు పేర్లూ ఇప్పుడు లేవు. హేవ్‌లాక్ 2018లో స్వరాజ్ ద్వీప్ అయింది, నీల్ షహీద్ ద్వీప్ అయింది. పోర్ట్‌బ్లెయిర్ 2024 సెప్టెంబరులో శ్రీ విజయపురంగా మారింది. టూర్లు అమ్మేవాళ్ళు మాత్రం ఇంకా పాత పేర్లే వాడుతున్నారు. లీడరు చెప్పిన కొత్త పేరు విని లాస్ట్ బెంచి నవ్వాడు. “విజయపురమా? టెక్కలి పక్కనెక్కడో ఉన్న ఊరులాగుంది.”

ఆ తర్వాత అసలు మాట అన్నాడు. “కొబ్బరిచెట్లు చూడ్డానికి ఉద్దానపోడు టికెట్టు కొనాలేట్రా?”

కొట్టిపారేయదగ్గ మాట కాదిది. వజ్రపుకొత్తూరు నుంచి కవిటి దాకా సముద్రం పొడుగునా కొబ్బరి, జీడి, పనస తోటలున్న నేల ఉద్దానం. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను ఈ జిల్లాలోనే తీరం దాటి ఆ తోటల్ని నేలకి పడేసింది. ముప్పై, నలభై ఏళ్ళ చెట్లు ఒక్క రాత్రిలో పోయాయి. మళ్ళీ వేసిన మొక్కలు కాపుకి రావడానికి ఏళ్ళు పట్టింది. ఇక్కడివాళ్ళకి కొబ్బరిచెట్టు కేలండరులో బొమ్మ కాదు, అప్పూ ఆదాయమూ. సముద్రమూ పక్కనే ఉంది. పలాస నుంచి గంట దూరంలో బారువా, తాబేళ్ళు గుడ్లు పెట్టడానికి వచ్చే తీరం.

“బంగాళాఖాతమే కదా అక్కడా ఇక్కడా. ఆ నీళ్ళకేటి స్పెషలు?”

“మన నీళ్ళలో నీ కాళ్ళు నీకు కనిపిస్తాయా?” లీడరు వదల్లేదు. “ఇక్కడ వంశధార, నాగావళి, మహేంద్రతనయ ఏటేటా ఒండ్రు తెచ్చి కలుపుతాయి. పైగా అలల కోత. అండమాన్‌లో పెద్ద నదులు లేవు. ఒడ్డు చుట్టూ పగడపు దిబ్బలుంటాయి, చాలాచోట్ల అల అక్కడే విరిగిపోతుంది. అందుకే నీళ్ళు అద్దంలా ఉంటాయి. హేవ్‌లాక్ ఉన్న వైపు బంగాళాఖాతం కూడా కాదు, అండమాన్ సముద్రం.”

నీటి సంగతిలో లీడరుదే పైచేయి. కానీ నీటి రంగు కోసం ఆరు రోజుల సెలవా అని లాస్ట్ బెంచి మళ్ళీ మొదటికి తెచ్చాడు. కలవడమే ముఖ్యమైతే బారువాలో కలుద్దాం, చేపల పులుసు నేను వండిస్తాను, తలకి వెయ్యి రూపాయలు దాటదు, అందరూ వస్తారు అన్నాడు.

దానికి లీడరు చెప్పిన జవాబే మొత్తం సంవాదంలో గట్టి మాట. “బారువాకి అందరూ వస్తారు, నిజమే. మరి ఎంతసేపుంటారు? నీకు బట్టీ నుంచి ఫోనొస్తుంది. ఒకడికి పాలు పితికే వేళవుతుంది. ఇంకోడు కూతుర్ని ట్యూషన్ నుంచి తీసుకురావాలంటాడు. నాలుగయ్యేసరికి నేనూ నువ్వూ, ఎంగిలి విస్తర్లూ మిగుల్తాం. దీవిలో ఆ గొడవ లేదురా. మధ్యలో లేచి వెళ్ళిపోదామంటే పడవుండదు. కూచోవాలి, అంతే. మొదటి రోజంతా ఉద్యోగాలు, ఫ్లాట్లు, పిల్లల ర్యాంకులే మాట్లాడతాం. రెండో రోజు ఆ సరుకు అయిపోతుంది. అసలు మాటలు అప్పుడొస్తాయి.”

నడివయసు దాటినవాళ్ళని జ్ఞాపకాలు చెప్పమంటే పదేళ్ళకీ ముప్పై ఏళ్ళకీ నడుమ జరిగినవే ఎక్కువగా చెబుతారని మనస్తత్వ శాస్త్రజ్ఞులు ఎన్నోసార్లు గమనించారు. మొదటి సైకిలు, మొదటి తన్నులు, మొదటి సినిమా అన్నీ ఆ కాలానివే కావడం ఒక కారణం. వాటికి సాక్షులు బడి స్నేహితులే. భార్యకో భర్తకో ఎన్నిసార్లు చెప్పినా అది చెప్పడమే. అక్కడ ఉన్నవాడితో మాట్లాడటం వేరు. ఆ మాటలు రావాలంటే తీరిక కావాలి, లీడరు అడిగేది అదే.

“కూచోవాలి, అంతే అంటున్నావు. ఎక్కువ కూచోవలసొస్తే?” అన్నాడు లాస్ట్ బెంచి. టీవీ వార్తలు బాగా గుర్తుంచుకునే మనిషి. 2016 డిసెంబరులో వాయుగుండం పట్టి పడవలాగిపోతే హేవ్‌లాక్, నీల్ దీవుల్లో వెయ్యి మందికి పైగా యాత్రికులు చిక్కుకుపోయారు. నేవీ ఓడలు బయల్దేరి వెళ్ళినా, సముద్రం శాంతించేదాకా రోజుల తరబడి దీవిలోనే ఉండవలసి వచ్చింది. అంతకు ముందు 2014 జనవరిలో పోర్ట్‌బ్లెయిర్ దగ్గర ఒక విహార నౌక మునిగి ఇరవై మందికి పైగా చనిపోయారు. ఎక్కించుకోవలసిన వాళ్ళకంటే ఎక్కువమందిని ఎక్కించుకున్న పడవ అది.

“అందుకే జనవరి నెలాఖరు అంటున్నాను. లైఫ్ జాకెట్టు లేకుండా మనవాళ్ళెవరూ పడవెక్కరు, ఆ పూచీ నాది” అన్నాడు లీడరు.

“బళ్ళో పిక్నిక్కి కూడా పూచీ నీదే అన్నావు. సత్తిరెడ్డి కొండ మీద నన్ను వదిలేసి బస్సు వెళ్ళిపోయింది” అన్నాడు లాస్ట్ బెంచి. కాసేపు తగువు ఆ బస్సు మీదికి మళ్ళింది. దాన్ని ఇక్కడ వదిలేద్దాం.

డబ్బు దగ్గరికి వచ్చేసరికి ఇద్దరి గొంతులూ తగ్గాయి.

లీడరు లెక్క ప్రకారం విమానం, గదులు, పడవ టికెట్లు, తిండి కలిపి మనిషికి నలభై వేలు. పలాసలో జీడిపప్పు ఒలిచే పనికి వెళ్ళే ఆడమనిషికి అది నెలల కూలి. బ్యాచ్‌లో అలాంటివాళ్ళు ఇద్దరున్నారు. ఆటో నడిపేవాడున్నాడు. విజయవాడ అపార్టుమెంట్లో వాచ్‌మన్‌గా ఉన్నవాడున్నాడు. వాళ్ళు గ్రూపులో గుడ్‌మార్నింగ్ బొమ్మలు పెడతారు. అండమాన్ మాట వచ్చిన దగ్గర్నుంచి అదీ మానేశారు.

“ఆ ఆరేడుగురి ఖర్చు నేనూ, అమెరికాలో ఉన్న ఇద్దరూ పెట్టుకుంటాం. ఎవరి ఖర్చు ఎవరు పెట్టారో బయటికి రాదు.”

“ఎందుకు రాదురా! వాచ్‌మన్ అండమాన్‌కి ఎలా వచ్చాడో ఎవడికి తెలీదు?” లాస్ట్ బెంచి గ్లాసు కింద పెట్టాడు. “నువ్వు డబ్బు కట్టినవాడు నీ జోకుకి రెండుసార్లు నవ్వుతాడు. నిన్ను తిట్టాలనిపించినా తిట్టడు. పొద్దున్నే నీకన్నా ముందు లేచి సామాన్లు మోస్తాడు. నువ్వు మొయ్యమన్లేదు, నాకు తెలుసు. అయినా మోస్తాడు. మనం వెళ్ళేది ఒరే అంటే ఒరే అనుకోడానికి కదా.”

లీడరు చాలాసేపు మాట్లాడలేదు. ఈ పాయింటు లాస్ట్ బెంచిదే. సాయం చేయకూడదని కాదు. సాయం అందుకున్నవాడు అందరితో పాటు ఒకే బల్ల దగ్గర కూచున్నా, సమంగా కూచోలేడు. కొన్ని బ్యాచ్‌లు దీనికి ఒక దారి వెతుక్కున్నాయి: ఏడాది ముందే అందరూ నెలకింత అని చీటీలాగా వేసుకుని, ఎవరి వాటా వారే కూడబెట్టుకోవడం. ఆ పని చేయాలంటే ఇప్పటి నుంచి జనవరి దాకా వ్యవధి చాలదు.

అప్పుడే లీడరు ఫోనుకి ‘ఫస్ట్ ర్యాంకు’ నుంచి కాల్ వచ్చింది. ఆవిడ విశాఖపట్నంలో స్టాఫ్ నర్సు. లీడరు స్పీకరు నొక్కి “మీరే చెప్పండి, మీకేమనిపిస్తోంది?” అన్నాడు.

“మీరేటి, మీరు? నా లెక్కల నోటుబుక్కు కాపీ కొట్టిన్నాడు నువ్వనే అన్నావు కదా!”

ముప్పై ఏళ్ళ తర్వాత కలిసిన మగపిల్లలకి ఆడపిల్లల్ని ఏమని పిలవాలో తెలియని ఇబ్బంది ఇది. లాస్ట్ బెంచికి ఆ ఇబ్బంది లేదు. వాడు ఎప్పుడూ నువ్వనే అన్నాడు.

ఆవిడ అండమాన్‌కి సరే అంది, కొన్ని షరతులతో. ఆడవాళ్ళు నలుగురైదుగురు కలిస్తేనే వస్తామని ఇళ్ళల్లో చెప్పగలరు, కాబట్టి ముందు ఆడవాళ్ళ లెక్క తేల్చండి అంది. తర్వాత అందరికీ నలభై ఐదు దాటిందని గుర్తుచేసింది. “నీళ్ళలో మునిగే ముందు వాళ్ళొక కాగితమిస్తారు. బీపీ ఉందా, ఆయాసముందా, గుండె జబ్బుందా అని. మనవాళ్ళు సరదా పోతుందని అన్నిటికీ లేదు అని రాసేస్తారు. అలా రాసేవాళ్ళుంటే నేను రాను. ఇంకో సంగతి. డైవింగ్ చేసిన వెంటనే విమానం ఎక్కకూడదు. కనీసం పన్నెండు గంటలు, ఇంకా మంచిది పద్దెనిమిది గంటలు ఆగాలి. లోపల ఒత్తిడికి ఒంట్లో కలిసిన నైట్రోజను, పైకెళ్ళాక బుడగలు కడుతుంది. డైవింగ్ ఆఖరి రోజు పెట్టకండి.”

లీడరు ప్లానులో డైవింగ్ ఆఖరి రోజే ఉంది. మారుస్తానన్నాడు.

“పొద్దు సంగతి కూడా చూసుకో” అంది. దేశమంతటికీ గడియారం నడిపే రేఖ కాకినాడ దగ్గరగా పోతుంది, 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశం. అండమాన్ దానికి ఇంకా పది డిగ్రీలు తూర్పున ఉంది. అంటే సూర్యుడి లెక్కలో కాకినాడ కన్నా నలభై నిమిషాలు ముందు, గడియారం లెక్కలో రెండు చోట్లా ఒకే టైము. అందుకే డిసెంబరులో అక్కడ సాయంత్రం ఐదింటికే పొద్దు గుంకుతుంది. టైమ్ పత్రిక 2004లో ఆసియాలో మేటి బీచ్ అని రాసిన రాధానగర్ హేవ్‌లాక్‌కి పడమటి ఒడ్డున ఉంది. అక్కడి సూర్యాస్తమయం చూడాలంటే మధ్యాహ్నం భోజనం చేసి కునుకు తీసే అలవాటు మానుకోవాలి.

లీడరు పట్టికలో నాలుగో రోజు బారాటాంగ్ ఉంది. సున్నపురాయి గుహలు, బురద ఉబికే చోట్లు. ఆ పేరు దగ్గర లాస్ట్ బెంచి వేలు పెట్టాడు. “ఈ దారి జరవాల అడవి లోంచి కదా?”

అవును. అండమాన్ ట్రంక్ రోడ్డు జరవా తెగ కోసం కేటాయించిన అడవి గుండా పోతుంది. ఆ తెగలో ఉన్నది కొన్ని వందలమంది. బయటి మనుషులతో వాళ్ళు సఖ్యంగా మెలగడం 1990ల చివర్లోనే మొదలైంది. ఆ రోడ్డులో ఆ భాగాన్ని మూసెయ్యమని సుప్రీంకోర్టు 2002లోనే చెప్పింది. రోడ్డు నడుస్తూనే ఉంది. యాత్రికుల కోసం జరవా స్త్రీల చేత డాన్సు చేయిస్తున్న వీడియో 2012 జనవరిలో బయటపడి ప్రపంచమంతా ఛీకొట్టింది. ఇప్పుడు బళ్ళు కాన్వాయ్‌గా వెళ్ళాలి, ఆపకూడదు, ఫోటో తీయకూడదు. బారాటాంగ్‌కి సముద్రం మీదుగా పడవ దారి కూడా తెరిచారు. అయినా చాలా టూర్లు తెల్లవారుజామున రోడ్డు మీదుగానే పోతున్నాయి. గుహలు చూడ్డానికి అని చెప్పి, దారిలో మనుషులు కనిపిస్తారేమోనని కిటికీలకి అతుక్కునే ప్రయాణం అది.

“కొట్టెయ్” అన్నాడు లీడరు. ఈ ఒక్క విషయంలో తగువు పడలేదు.

సెల్యులార్ జైలు మీద మాత్రం మళ్ళీ పడ్డారు. వీళ్ళు పదో తరగతి రాసిన ఏడాదే ఆ జైలు కథతో ప్రియదర్శన్ తీసిన ‘కాలాపాని’ వచ్చింది. మలయాళం సినిమా, తెలుగులోకి కూడా డబ్ అయింది. కాశీబుగ్గలో నేల టికెట్టులో ఇద్దరూ చూశారు. 1896లో మొదలుపెట్టి 1906లో ముగించిన ఆ జైలుకి ఏడు రెక్కలుండేవి, ఇప్పుడు మిగిలినవి మూడు. ఒకరి గది నుంచి ఇంకొకరి గది కనిపించకుండా కట్టారు. మనిషిని ఎద్దులాగా గానుగకి కట్టి రోజుకి 30 పౌన్ల కొబ్బరినూనె తీయించేవారు. తీయలేనివాడికి దెబ్బలు. కాకినాడ బాంబు కేసు భయంకరాచారి 1930లలో అక్కడే శిక్ష అనుభవించాడు.

“అలాంటి చోట మనోళ్ళు సెల్ఫీ స్టిక్కులేసుకుని నవ్వుకుంటూ తిరుగుతారు. నాకు బాగోదు” అన్నాడు లాస్ట్ బెంచి.

“నవ్వుకుంటూ వెళ్ళినవాడే గానుగ దగ్గర ఆగుతాడు. కొబ్బరి గురించి ఉద్దానపోళ్ళకన్నా ఎవడికి తెలుసు, 30 పౌన్లంటే ఎన్ని కాయలో! ఇంట్లో కూచుంటే అదీ తెలీదు.”

వాళ్ళనుకోలేదు గానీ, వాళ్ళ తగువంతా ఆ జైలు గోడల్లోనే ఉంది. చుట్టూ నీళ్ళుంటే పారిపోయే దారుండదని ఆంగ్లేయులు అండమాన్‌ని ఎంచుకున్నారు. మధ్యలో లేచి వెళ్ళిపోలేరని లీడరూ అదే అండమాన్‌ని ఎంచుకున్నాడు.

నాలుగో టీకి లాస్ట్ బెంచి ఇంతసేపూ చెప్పని సంగతి చెప్పాడు. వాళ్ళ పెదనాన్న పాతికేళ్ళ వయసులో విశాఖలో ఓడెక్కి పోర్ట్‌బ్లెయిర్ వెళ్ళాడు, చేపల వేటకి. అక్కడే పెళ్ళి, అక్కడే పిల్లలు. 2004 డిసెంబరు 26న సునామీ వచ్చినప్పుడు మూడు రోజులు కబురు లేదు, తర్వాత బతికే ఉన్నామని ఫోను వచ్చింది. ఇలాంటి కుటుంబాలు శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ తీరాల నుంచి వేలల్లో వెళ్ళాయి. 2011 జనాభా లెక్కల్లో ఆ దీవుల్లో నూటికి పదముగ్గురు తెలుగు మాతృభాషగా రాయించుకున్నారు. బెంగాలీ, హిందీ, తమిళాల తర్వాత అక్కడ తెలుగే. తెలుగు మాధ్యమంలో ప్రభుత్వ బడులు కూడా నడిచాయి.

“నువ్వు చెప్పే అండమాన్‌లో మా పెదనాన్న లేడు. రిసార్టూ, గాజు అడుగు పడవా, ముత్యాల దండా. అక్కడ పట్టిన చేపని బిల్లులో చూస్తావు గానీ పట్టినవాడు మనూరోడని నీకు తెలీదు.”

“అయితే నువ్వే చూపించు” అన్నాడు లీడరు. “ఒక పూట మీ పెదనాన్న ఇంట్లో భోజనం. రిసార్టు ఒక రోజు తగ్గిద్దాం, ఖర్చూ తగ్గుతుంది. విశాఖ నుంచి ఓడ దొరికితే ఓడలోనే పోదాం, బంక్ క్లాసు.”

“ఓడ రెండున్నర రోజులు. అదీ రోజూ ఉండదు.”

“మధ్యలో దిగిపోలేవు కదా. నాకు కావలసిందీ అదే.”

లాస్ట్ బెంచి నవ్వాడు గానీ లొంగలేదు. “మరి కబడ్డీ?”

కబడ్డీ అంటే వాళ్ళ బడి కబడ్డీ కెప్టెను. జిల్లా స్థాయి దాకా ఆడించినవాడు. మూడేళ్ళుగా డయాలసిస్ మీద ఉన్నాడు. ఉద్దానం కిడ్నీ జబ్బుకి అసలు కారణమేమిటో ఇన్నేళ్ళ పరిశోధన తర్వాత కూడా ఖాయంగా తేలలేదు. పలాసలో 2023 డిసెంబరులో కిడ్నీ పరిశోధన కేంద్రంతో పాటు రెండు వందల పడకల ఆసుపత్రి తెరిచాక దూరాల ప్రయాణం తప్పింది గానీ, వారానికి మూడుసార్లు మంచమెక్కడం తప్పలేదు. మధ్యలో లేచి రాలేని చోటికి వెళ్ళలేని మనిషి అతనొక్కడే.

ఫోను ఇంకా ఆన్‌లోనే ఉంది. “పోర్ట్‌బ్లెయిర్‌లో ముందే మాట్లాడి పెట్టుకోవచ్చేమో నేను కనుక్కుంటాను” అంది ఫస్ట్ ర్యాంకు. “కానీ ఓడా, హేవ్‌లాకూ కుదరవు. వాడికి సోమ, బుధ, శుక్రవారాలు. శనివారం పొద్దున్న నుంచి ఆదివారం రాత్రి దాకా ఖాళీ. బారువాకి అదే పెట్టండి. రాత్రి అక్కడే ఉండాలి. నాలుగింటికి ఇంటికి పోతానన్నవాణ్ణి రానివ్వకండి.”

ఆ రాత్రి గ్రూపులో లీడరు రెండు ప్రశ్నలతో పోల్ పెట్టాడు. ఒకటి: దసరా వెళ్ళాక వచ్చే మొదటి శని, ఆదివారాలు బారువా, రాత్రి బసతో. రెండు: జనవరిలో అండమాన్. ఒకరు రెండింటికీ టిక్ పెట్టొచ్చు. తెల్లారేసరికి నలభై ముగ్గురిలో ముప్పై ఒక్కమంది బారువా అన్నారు, పద్నాలుగు మంది అండమాన్ అన్నారు. అమెరికా వాళ్ళు అండమాన్‌కే టిక్ పెట్టారు, వాచ్‌మన్ బారువాకే. లాస్ట్ బెంచి బారువాకి పెట్టి, కింద ‘ఓడైతేనే’ అని రాశాడు. కబడ్డీ రెండింటికీ టిక్ పెట్టాడు.